జేబున్న స్కర్టు

సోమవారం ఉదయం ప్రార్థన అయ్యాక ప్రిన్సిపాల్ పెంచలకృష్ణగారు మైకు దగ్గరికి వచ్చారు. సైన్సు బ్లాకులోని గాజు తొట్టిలో చేపలన్నీ చచ్చిపోయాయని చెప్పారు. బయటి నుంచి తెచ్చిన మురికి మేత వెయ్యడమే కారణమని, ఆ పని చేసింది ఎనిమిదో తరగతి స్వర్ణ అని కూడా చెప్పారు. ఆ వెంటనే క్విజ్ పోటీలో గెలిచిన వాళ్ళ పేర్లు చదివారు.

స్వర్ణ మూడో వరసలో నిలబడి ఉంది. పక్కనున్న పిల్లలు కదిలినట్టు నాకు కనిపించలేదు. కాసేపటికి మాత్రం ఆమె చుట్టూ ఖాళీ ఏర్పడింది.

మా బడి అల్లూరు దాటాక సముద్రం వైపు వెళ్ళే రోడ్డులో, రొయ్యల గుంటల మధ్య ఉంది. ఎత్తైన గోడ, లోపల పచ్చిక, ఈత కొలను. నెల్లూరు నుంచే కాదు, చెన్నై నుంచి కూడా పిల్లల్ని తెచ్చి ఇక్కడ హాస్టల్లో చేర్పిస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలకు ప్రతి తరగతిలో ఒకటి రెండు సీట్లు ఉచితం. వాటిని కాగితాల మీద ప్రతిభ సీట్లంటారు. పిల్లలు ఫ్రీ సీట్లంటారు. స్వర్ణది అలాంటి సీటే. వాళ్ళ నాయన కామాక్షయ్య ఉప్పుకాలువలో వల వేసి బతుకుతాడు.

నేను ఆ తరగతికి జీవశాస్త్రం చెబుతాను. మా వారు చంద్రమౌళిగారు ఇదే బడిలో రసాయనశాస్త్రం చెప్పేవారు. తొట్టి ఆయన ఆలోచన. అందులో పండుగప్ప చేపపిల్లల్ని తెచ్చి వదిలిందీ ఆయనే, మేత వేసే పని స్వర్ణకు అప్పగించిందీ ఆయనే. వేసవి సెలవుల్లో ఆయన పోయారు. బడి తెరిచాక నేను మళ్ళీ పనిలోకి వచ్చాను.

అసెంబ్లీ కాగానే సైన్సు బ్లాకుకు వెళ్ళాను. తొట్టి అప్పటికే ఖాళీ. నీళ్ళు పారబోసి, గాజు తుడిచి, నేలంతా ఫినాయిలుతో కడిగేశారు. కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. బల్లలు తుడుస్తున్న ఆయాను ఎవరు కడగమన్నారని అడిగాను. ప్రిన్సిపాల్ సారు పొద్దున్నే ఫోను చేశారని చెప్పి, ఆమె బకెట్ తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఫినాయిలు వాసన కింద మరో వాసన ఉంది. అదేమిటో ఆ క్షణాన తట్టలేదు.

చేపలు చచ్చిన నీళ్ళను పరీక్ష చెయ్యకుండా ఎవరైనా పారబోస్తారా? ప్రిన్సిపాల్ గదిలో ఆ మాటే అడిగాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. టీ తెప్పించారు.

"మీరింకా కోలుకోలేదు మేడం. ఇలాంటివి మనసులో పెట్టుకోకండి. మేము చూసుకుంటాం."

జూన్ నుంచి ఆ మాట చాలాసార్లు విన్నాను. ప్రతిసారీ నా ముఖం చూసే అనేవారు. ఈసారి టీ కప్పు వైపు చూస్తూ అన్నారు. శుక్రవారం కామాక్షయ్యను పిలిపిస్తున్నామని, టీసీ ఇచ్చి అమ్మాయిని పంపించేస్తామని చెప్పారు. వచ్చే నెలలో తొట్టి ప్రారంభోత్సవం ఉంది. చెయ్యబోయేది కమిటీ అధ్యక్షులు మధుబాబుగారు. సైన్సు బ్లాకు కట్టించింది ఆయనే. వారికి ఏదో ఒక సమాధానం చెప్పాలి కదా అన్నారు.

మధ్యాహ్నం స్వర్ణ నా దగ్గరికి వచ్చింది. వెంట భానుప్రియ ఉంది. భానుప్రియ వాళ్ళది విడవలూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. ఆ పిల్ల ఎవరినైనా ఏ మాటైనా అడిగేస్తుంది.

జరిగింది స్వర్ణ నెమ్మదిగా చెప్పింది. ఆదివారం తల్లిదండ్రులు చూడటానికి వచ్చే రోజు. ఎప్పటిలాగే వాళ్ళ నాయన చిన్న క్యానులో బతికున్న రొయ్య పిల్లల్ని కాలువ నీళ్ళతో సహా తెచ్చాడు. సాయంత్రం వాటిని తొట్టిలో వేసింది. వాటిలో గోరంత పీత కూడా ఉంది. బాగుందని దాన్నీ వదిలింది. తర్వాత అందరితో పాటు మేడ మీదికి వెళ్ళింది. శ్రీహరికోట నుంచి ఆ సాయంత్రం రాకెట్ వెళ్ళింది. పొద్దున మేత వెయ్యబోతే తొట్టి నిండా చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి.

"పీత కూడా చచ్చింది మేడం," అంది. "కాలవ పీత బురదలోనన్నా బతుకుద్ది. మా మేత వల్లయితే అదెందుకు చస్తది?"

నేను ఆ మాట దగ్గరే ఆగాను. కాలువలో పుట్టిన పీతను కాలువ నీళ్ళు చంపవు.

"అందరినీ అనుమానించాల మేడం," అంది భానుప్రియ. "వంటమాస్టర్ని కూడా. పండుగప్ప పులుసు చేస్తానని వారం నించీ అంటా ఉండాడు."

స్వర్ణ నవ్వలేదు.

"నన్ను కూడానా?" అని అడిగాను.

"మిమ్మల్ని కూడా. ఏం అనుకోబాకండి."

మేడ మీదికి రానిదెవరో చెప్పగలవా అని అడిగితే భానుప్రియ తల అడ్డంగా ఊపింది. "అందరం రాకెట్ని చూసినాం మేడం. పక్కన ఎవురున్నారో ఎవురు చూసినారు?"

మరుసటి రోజు వార్డెన్ క్యాథరిన్ మేడం స్వర్ణ పెట్టెను గదిలో అందరి ముందూ వెతికించారు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు పిల్లల అనుమానం తగ్గలేదు, పెరిగింది. మెట్ల మీద ఎవరో ముక్కు మూసుకుని, చేపలమ్మాయి చేపల్నే మింగేసిందిరా అన్నారు. నేను తిరిగి చూసేసరికి అందరి ముఖాలూ ఒకేలా ఉన్నాయి. భోజనాల గదిలో ఆమె బల్ల దగ్గర భానుప్రియ ఒక్కతే కూర్చుంది.

బుధవారం తరగతిలో బొమ్మ గీయడానికి స్వర్ణను బోర్డు దగ్గరికి పిలిచాను. ముదురు నీలం యూనిఫాం స్కర్టు, కింది అంచు పైన తెల్లటి చుక్కలు. ఎవరో నీళ్ళు చిలకరించినట్టు ఒకవైపే పడ్డాయి. పాఠం ఆపలేదు. గంట కొట్టాక క్వార్టర్సుకు వెళ్ళి బీరువా తెరిచాను. చంద్రమౌళిగారు ల్యాబులోకి వేసుకునే ప్యాంటు హ్యాంగరుకే ఉంది. మోకాలి కింద అవే చుక్కలు. ఒకసారి బ్లీచింగ్ పౌడర్ కలుపుతుంటే చింది పడినవి. సోమవారం ఫినాయిలు కింద ఉన్న వాసన అప్పుడు గుర్తొచ్చింది. ప్యాంటును మళ్ళీ హ్యాంగరుకు తగిలించి, కాసేపు అక్కడే నిలబడి, బీరువా మూశాను.

తొట్టిలో బ్లీచింగ్ పడింది. అది చిందిన స్కర్టు స్వర్ణ ఒంటి మీద ఉంది.

సాయంత్రం స్వర్ణను పిలిచి ఆ చుక్కలు ఎలా పడ్డాయని అడిగాను. తెలియదంది. తన స్కర్టు పొట్టిదైపోతే సోమవారం రాత్రి క్యాథరిన్ మేడం షేరింగ్ షెల్ఫ్‌లో నుంచి దీన్ని తీసి ఇచ్చారట. హాస్టలు వరండాలో ఒక అర ఉంది. ఉన్నవాళ్ళ పిల్లలు తమకు వద్దనుకున్న బట్టలు అందులో పెడతారు. ఫ్రీ సీటు పిల్లలకు అక్కడి నుంచి వస్తాయి. ఆ పిల్ల కళ్ళలోకి చూశాను. అబద్ధం చెబుతున్నట్టు లేదు. చెప్పడం లేదని కూడా గట్టిగా అనుకోలేకపోయాను. సరే వెళ్ళమన్నాను. ఆమె వెంటనే కదల్లేదు. నేనింకేదో అంటానని చూసినట్టుంది.

ఆమె వెళ్ళిన కాసేపటికి భానుప్రియ ఆ స్కర్టును మడిచి చంకలో పెట్టుకుని వచ్చింది.

"మీరు కూడా దాన్నే అనుమానపడతా ఉండారు గదా మేడం."

నేను స్కర్టు కోసం చెయ్యి చాచాను.

"అది అక్కడ ఏడస్తా ఉంది. ఏడవబాక అని చెప్పి ఇది విప్పించి తెచ్చినాను. లోపల చూడండి."

నడుము పట్టీ కింద, కుట్టులో కలిసిపోయేలా చిన్న జిప్పు ఉంది. జిప్పు తీస్తే సన్నటి జేబు.

"స్కూలు స్టోరులో అమ్మే స్కర్టులకి జేబులుండవు మేడం. మాకు జేబులెందుకు, పెట్టుకునేదానికి ఏముంది? ఇట్టా జేబు కుట్టించుకునింది హాస్టల్లో ఒక్కతే. నెల్లూరులో వాళ్ళ టైలరు చేత. చాక్లెట్లు దాచుకునేదానికి. మాకందరికీ చూపించింది గూడా."

ఎవరని అడిగాను. భానుప్రియ గొంతు తగ్గించింది.

"వినీల."

వినీల మధుబాబుగారి కూతురు.

ఆ సాయంత్రం క్యాథరిన్ మేడాన్ని ఊరికే అడిగినట్టు అడిగాను, షెల్ఫ్‌లోకి ఈ మధ్య కొత్త బట్టలేమైనా వచ్చాయా అని. తనకు తెలియదన్నారు. ఉన్నవే తీసి ఇస్తానన్నారు. తర్వాత నేను వెళ్తుంటే వెనక నుంచి, ఎందుకడుగుతున్నారు మేడం, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగారు. ఈ బడిలో ఎవరికి ఎంత తెలుసో నాకు అంతు చిక్కలేదు. గురువారం స్టాఫ్ రూములో నేను లోపలికి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. ఒకరు నా ఆరోగ్యం గురించి అడిగారు.

గురువారం ఆటల గంటలో వినీలను సైన్సు బ్లాకుకు రమ్మన్నాను. వచ్చి నిటారుగా నిలబడింది. ఖాళీ తొట్టి వైపు చూడకుండా నా వైపే చూసింది. స్కర్టు సంగతి ఎత్తలేదు. రేపు స్వర్ణ వాళ్ళ నాన్నగారిని పిలిపించారని, టీసీ ఇస్తారని మాత్రమే చెప్పాను.

"టీసీనా?" అంది. "ఊరికే తిట్టి వదిలేస్తామన్నారు."

"ఎవరన్నారు?"

బయట మైదానంలో ఎవరో విజిల్ ఊదుతున్నారు.

"నేను చెప్పినాను మేడం. సోమవారం పొద్దున్నే. చేపలు చచ్చిపోయినాయని కిటికీలో నించి చూసి, ప్రిన్సిపాల్ సారు క్వార్టర్సుకి పోయి చెప్పినాను. ఇంకెవరికీ చెప్పొద్దన్నారు. డాడీకి కూడా. స్కర్టు పారెయ్యమన్నారు. బాగుండే స్కర్టు గదా అని షెల్ఫ్‌లో పెట్టినాను. అది స్వర్ణకి పోతుందని నాకు తెలియదు."

ఎందుకు వేశావని అడిగాను.

"పీత కనపడింది మేడం."

అక్కడి నుంచి మాటలు ఆగకుండా వచ్చాయి. చిన్నప్పుడు వాళ్ళు గుంటల గట్టు మీదే ఉండేవాళ్ళు. గుంటల చుట్టూ నేలకు ఆనించి నీలం వల కడతారు, పీతలు లోపలికి పాకకుండా. పీత వస్తే రొయ్యకు తెల్లమచ్చ జబ్బు వస్తుంది. వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో గుంటంతా పోతుంది.

"ఒకసారి అట్టా పోయినప్పుడు మా డాడీ గట్టు మీద కూర్చోనుండి లెయ్యలా. అన్నం తిన్లా. ఆదివారం తొట్టిలో పీతను చూసినాను. అందరూ మేడ మీద ఉండారు. నీళ్ళకి జబ్బు రాకుండా మావాళ్ళు బ్లీచింగే వేస్తారు మేడం. బాత్రూముల దగ్గర బస్తా ఉంటే తెచ్చి కలిపినాను. చేపల్ని కాపాడదామనే."

"రొయ్య పిల్లను వదలక ముందు వేస్తారమ్మా. వేశాక ఘాటంతా పోయేదాకా నీళ్ళను రోజుల తరబడి ఎండకు వదిలేస్తారు. ఆ తర్వాతే పిల్ల."

"ఇప్పుడు తెలుసు," అంది. అప్పుడు తొట్టి వైపు చూసింది. "చంద్రమౌళి సారు ఉంటే ఆయన్ని అడిగేదాన్ని మేడం. ఆ రోజు ఎవర్ని అడగాలో తెలియలేదు."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క మూశాను. గాలి ఎక్కువగా ఉంది.

రేపు నేను చెప్పవలసింది చెబుతానని వినీలతో అన్నాను. నువ్వు రావాలో వద్దో నువ్వే ఆలోచించుకో అన్నాను. తలూపలేదు. అలాగే వెళ్ళిపోయింది. వస్తుందని నాకు నమ్మకం లేదు.

శుక్రవారం ప్రిన్సిపాల్ గదిలో టీసీ బల్ల మీద సిద్ధంగా ఉంది. మధుబాబుగారు సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటున్నారు. కామాక్షయ్య చెప్పులు బయటే విడిచి, గోడ పక్కన నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. నేను కుర్చీ జరిపితే, పర్లేదమ్మా అని అక్కడే ఉండిపోయాడు. స్వర్ణ తండ్రి చొక్కా అంచు పట్టుకుని ఉంది.

"తప్పు నాదే సార్," అన్నాడు కామాక్షయ్య. "కాలవలో రొయ్యలు పట్టి తెచ్చింది నేను. బిడ్డకేం తెలవదు. సీటు తియ్యబాకండి. ఇంక ఎప్పుడూ ఏమీ తేను."

నేను లేచాను. చేపలు చచ్చింది మేత వల్ల కాదని, తొట్టిలో బ్లీచింగ్ పౌడర్ కలిసిందని చెప్పాను. చుక్కల స్కర్టును బల్ల మీద, టీసీ పక్కన పెట్టాను. ఇది షెల్ఫ్ నుంచి స్వర్ణకు వచ్చిందని, అంతకు ముందు ఎవరిదో ప్రిన్సిపాల్‌గారికి తెలుసని చెప్పాను.

పెంచలకృష్ణగారు మధుబాబుగారి వైపు తిరిగారు. "మేడం ఈ మధ్యే భర్తను పోగొట్టుకున్నారండీ. మనసు స్థిమితంగా లేదు. మేమంతా సర్దుకుపోతున్నాం."

మధుబాబుగారు నన్ను జాలిగా చూశారు. ఆ చూపు కింద మరేదో లెక్క జరుగుతోందని కూడా నాకనిపించింది. అంతలో తలుపు దగ్గర గొడవ వినిపించింది. పోవే, ఇంతదాకా వచ్చి ఇప్పుడు నిలబడతావేంది అని భానుప్రియ గొంతు. తలుపు తోసుకుని వినీల లోపలికి వచ్చింది. భానుప్రియ గడప బయటే ఆగింది.

"డాడీ, తొట్టిలో పీత కనపడింది. బ్లీచింగ్ వేసినాను."

మధుబాబుగారి ముఖం మారిపోయింది. ఆ గదిలో ఆ ఒక్క మాటకు అర్థం విడమరచి చెప్పనక్కర్లేనిది ఆయనకే.

"పీతను చూసి వేసినావా?"

"ఊఁ."

"పిల్ల వదిలినాక వేస్తారామ్మా ఎవురన్నా?" చాలా మెల్లగా అన్నారు. తర్వాత స్కర్టును చేతిలోకి తీసుకుని, జిప్పు చూసి, మడిచి పక్కన పెట్టారు. "సారుకి ఎప్పుడు చెప్పినావు?"

"సోమవారం పొద్దున. అసెంబ్లీకి ముందే."

"మీ పాప పేరు బయటికి రాకూడదనే," అన్నారు పెంచలకృష్ణగారు. మధుబాబుగారు కామాక్షయ్య వైపు చూసి, కూర్చో అన్నా అన్నారు. ఈసారి కూడా కామాక్షయ్య కూర్చోలేదు.

"మీ పాప సీటు ఎక్కడికీ పోదు. ఇది నా మాట," అన్నారు మధుబాబుగారు. "ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం. అందరికీ మంచిది."

కామాక్షయ్య రెండు చేతులూ జోడించాడు. ప్రిన్సిపాల్ టీసీని సొరుగులోకి జరిపారు. నేను మాట్లాడేలోపే స్వర్ణ తండ్రి చొక్కా వదిలి ముందుకు వచ్చింది.

"వదిలేసేదానికి లేదు సార్."

"సీటు ఉంటదన్నారు గదమ్మా, చాల్లే," అని కామాక్షయ్య మెల్లగా అన్నాడు.

"నా పేరు అసెంబ్లీలో చెప్పినారు నాయనా. కాదనేది కూడా అసెంబ్లీలోనే చెప్పాల. లేకపోతే సీటుండి కూడా నా పక్కన ఎవురూ నిలబడరు."

సోమవారం చూద్దాం అన్నారు ప్రిన్సిపాల్. ఆ మాటను ఆయన ఏ అర్థంతో అన్నారో నాకు తెలుసు. స్వర్ణకూ తెలిసిందనుకుంటాను. వెళ్ళేటప్పుడు కామాక్షయ్య కూతురి వైపు భయంగా చూశాడు, దొరికిందాన్ని మళ్ళీ పోగొడుతుందేమోనని.

సోమవారం ప్రార్థన అయింది. వార్తలు చదివారు. పుట్టినరోజు పిల్లల్ని పిలిచి పెన్నులిచ్చారు. పెంచలకృష్ణగారు మైకు దగ్గరికి వచ్చి, పోయిన వారం తొట్టి విషయంలో కొంత పొరపాటు సమాచారం అందిందని, దానిని విద్యార్థులు మర్చిపోవాలని చెప్పారు. ఎవరి పేరూ చెప్పలేదు. పీఈటీ మాస్టారు విజిల్ నోటి దగ్గర పెట్టుకున్నారు.

స్వర్ణ వరస నుంచి కదల్లేదు. తల తిప్పి వినీల వైపు చూసింది, అంతే. ఆ చూపులో బతిమాలడం లేదు.

వినీల వరస దాటి నడిచింది. ఆమెను ఆపాలంటే మధుబాబుగారి కూతుర్ని ఆపాలి. ఎవరికీ చెయ్యి రాలేదు. మైకు ఆమెకు ఎత్తుగా ఉంది. మునివేళ్ళ మీద నిలబడింది.

"తొట్టిలో బ్లీచింగ్ వేసింది నేను. స్వర్ణ కాదు. అదే రోజు పొద్దున్నే సారుకి చెప్పినాను."

ముందు వరసలో ఒకటో తరగతి పిల్లవాడు చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టకపోయేసరికి చేతులు జేబులో పెట్టుకున్నాడు. పెంచలకృష్ణగారు మైకు సరిచేసుకున్నారు గాని, చెప్పడానికేమీ మిగల్లేదు. తరగతులకు వెళ్తున్నప్పుడు స్వర్ణ పక్కన భానుప్రియ కాక మరో ఇద్దరు నడిచారు. వాళ్ళలో ఒకరు మెట్ల మీద ముక్కు మూసుకున్న పిల్లేమోనని నా అనుమానం.

ప్రారంభోత్సవం వాయిదా పడింది. ప్రిన్సిపాల్‌గారు అదే గదిలో ఉన్నారు. కనిపిస్తే నమస్కారం పెడతారు. నేనింకా కోలుకోలేదని ఇప్పుడు అనడం లేదు.

తొట్టిలో నీళ్ళు నింపి, కొన్నాళ్ళు అలాగే వదిలి, ఆ తర్వాతే పండుగప్ప పిల్లల్ని వేశాము. ఆదివారం కామాక్షయ్య క్యానుతో వచ్చాడు. మొదట గేటు దగ్గరే ఆగిపోతే స్వర్ణ చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చింది. రొయ్య పిల్లల్ని వేస్తుంటే వినీల రెండడుగుల వెనకే నిలబడి, క్యానులోకి తొంగి చూడబోయి ఆగింది.

"పీతుందా?" అని అడిగింది.

"ఉంది," అంది స్వర్ణ. "రా, చూడు."

వినీల వెంటనే రాలేదు. నేను మేత డబ్బా మూత తీస్తూ ఎదురుచూశాను. డబ్బా మీద చంద్రమౌళిగారి చేతిరాతతో 'తక్కువ వెయ్యాలి' అని ఉంది. మూత తీసి పక్కన పెట్టేసరికి, ఇద్దరూ గాజుకు ముఖాలు ఆనించి నీళ్ళ అడుగుకేసి చూస్తున్నారు.